లావుగా ఉన్న మనవణ్ణి చూపించడానికొచ్చారు, జబ్బు సన్నటి మనవరాలికి దొరికింది

సంక్రాంతి సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయనగా ఒక నాయనమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరులో మా పిల్లల క్లినిక్‌కి వచ్చింది. ఒకడు పెద్దకొడుకు కొడుకు, ఇంకొకామె చిన్నకొడుకు కూతురు. టోకెన్ రాయించింది మనవడికి మాత్రమే. వాడికి పదమూడేళ్ళు, డెబ్బై కిలోలు. పాపకి తొమ్మిదేళ్ళు, ఇంట్లో చూసుకునే వాళ్ళెవరూ లేక వెంట తెచ్చింది, పాపం ఆ పిల్ల నాయనమ్మ చేతిసంచీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. (గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, రిపోర్టుల్లో అంకెల జోలికి మాత్రం పోలేదు.)

"మా చిన్నోడు కార్తీకమాసంలో పోయాడమ్మా, గుండెపోటు. ముప్పై ఏడేళ్ళు. ఇప్పుడు వీడు చూస్తే ఇట్టా ఊరిపోతన్నాడు. వీడిక్కూడా అట్టాగే అవుద్దేమోనని నాకు నిద్ర పట్టట్లా."

బాబుని చూశాను. ఎత్తు 154 సెంటీమీటర్లు, బీఎంఐ 29.5, నడుము చుట్టుకొలత 96. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు అనేది నేను ఇంట్లో వాళ్ళకి చెప్పే తేలిక లెక్క, మొలతాడు చాలు చూసుకోవడానికి, వీడికి 0.62 వచ్చింది. మెడ వెనక నల్లగా, దళసరిగా, ముఖమల్ గుడ్డలాగా ఉంది. నాయనమ్మ అది మట్టి అనుకుని పండగ మూడు రోజులూ సున్నిపిండి పెట్టి రుద్దింది, అక్కడక్కడా చర్మం కందిపోయి కూడా ఉంది. అది మట్టి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై కూడా సరిగ్గా పనిచేయనప్పుడు చర్మం మీద కనపడే గుర్తు. ఎంత రుద్దినా పోదు, బరువు తగ్గితే దానంతటదే పలచబడుతుంది.

బీపీ దగ్గర ఒక్కమాట. మా సిస్టర్ అలవాటుగా పిల్లల పట్టీ చుట్టింది, 146 వచ్చింది. చేయి లావుగా ఉన్నప్పుడు చిన్న పట్టీ వేస్తే అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. పట్టీ లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో నలభై శాతం ఉండాలి, పొడవు కనీసం ఎనభై శాతం చుట్టుకోవాలి. పెద్దవాళ్ళ పట్టీ తెప్పించి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 132/84. అదీ ఎక్కువే, పదమూడేళ్ళు నిండాక 130/80 దాటితే బీపీ కిందే లెక్క, కానీ ఒక్కరోజు చూసి పేరు పెట్టకూడదు, మూడు విడివిడి రోజుల్లో చూడాలి. చూశాం, మూడుసార్లూ 130 పైనే.

రక్తపరీక్షలకి చీటీ రాసేస్తున్నాను. మాట వరసకి అడిగాను, "మీ అబ్బాయి కూడా ఇట్లా లావుగానే ఉండేవాడా మామ్మగారూ?"

"వాడా? కట్టెపుల్ల. మిర్చి యార్డులో కాటా గుమాస్తా, పొద్దస్తమానం నడకేగా. పొట్ట కూడా లేదు వాడికి."

అక్కడ పెన్ను ఆపేశాను. సన్నగా ఉండి, రోజంతా నడిచే మనిషి, ముప్పై ఏడేళ్ళకే గుండెపోటుతో పోయాడంటే నేను చూడాల్సింది ఎదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి మాత్రమే కాదు. తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల వైపు అప్పుడు చూశాను. నిజం చెప్పాలంటే అంతవరకు ఆ పిల్లని సరిగ్గా చూడనే లేదు. 25 కిలోలు, 131 సెంటీమీటర్లు, అందరూ "కాస్త ఒళ్ళు చేస్తే బాగుండు" అనే రకం.

"మీ ఇంట్లో గుండె జబ్బులున్నాయా" అని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "లేవమ్మా" అనే. ఆ ప్రశ్నే తప్పు. ఎవరెవరు చిన్న వయసులో పోయారు, ఎలా పోయారు, పోయేముందు ఏమన్నారు, ఇట్లా అడగాలి. తెల్ల కాగితం తీసుకుని వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. మీ ఆయన ఎలా పోయారంటే, "గ్యాస్ పట్టేసిందమ్మా, గుండెల్లో మంటన్నాడు, సోడా తాగాడు, చెమటలు పట్టినయి, ఆస్పత్రికి పొయ్యేలోపే అయిపోయింది." ఎన్నేళ్ళు అప్పటికి? తెలియదు. వయసులు అడిగితే మన పెద్దవాళ్ళకి నోటికి రావు, సంఘటనలే వస్తాయి. పెళ్ళి దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, అంటే 1977, అప్పుడు ఆయనకి ఇరవై రెండంట. 2004 కృష్ణా పుష్కరాల్లో పిండం పెట్టారు, పోయింది అంతకు ముందు ఏడాది. లెక్క వేస్తే నలభై ఎనిమిది. ఆయన చెల్లెలు, పొన్నూరు దగ్గర ఇచ్చారు, ఆవిడా యాభై ఒకటికే "నిద్రలోనే" పోయింది. ఆ చెల్లెలి వైపు వాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మగవాళ్ళలో యాభై ఐదు లోపు, ఆడవాళ్ళలో అరవై ఐదు లోపు గుండె రక్తనాళాల జబ్బు వస్తే దాన్ని ముందుగా వచ్చినట్టు లెక్కేస్తాం. తల్లిదండ్రులే కానక్కర్లేదు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనమామలు, బాబాయిలు, అత్తలు, ఎవరికున్నా ఆ పిల్లలకి రెండేళ్ళు నిండాక ఎప్పుడైనా కొలెస్ట్రాల్ చూడవచ్చు. ఇంట్లో ఏమీ లేకపోయినా తొమ్మిది, పదకొండేళ్ళ మధ్య ఒకసారి, పదిహేడు, ఇరవై ఒకటి మధ్య మరోసారి చూడమని 2011లో అమెరికా నిపుణుల సంఘం చెప్పింది. మన దగ్గర పిల్లల డాక్టర్లమే ఆ చీటీ రాయం, నేనూ అప్పటిదాకా చాలామందికి రాయలేదు.

ఈ కాగితం మీద ఒకే వరసలో ముగ్గురు తేలారు, నాయనమ్మ తరఫున ఎవరూ లేరు, అంతా తాతగారి తరఫే. తరం తప్పకుండా, ఆడా మగా తేడా లేకుండా దిగి వస్తోందంటే ఒకే ఒక్క జన్యువు పని అయ్యుండొచ్చు.

అప్పుడే నాయనమ్మ ఫోను తీసి చిన్నకొడుకు ఫోటో చూపించింది, పోయిన కొడుకు గురించి మాట్లాడేటప్పుడు ఏ తల్లయినా చేసే పనే. పాప అన్నప్రాసన నాటి ఫోటో. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. రెండు కళ్ళ లోపలి మూలల దగ్గర, పై రెప్పల మీద, పెసరబద్దంత పసుపు మచ్చలు. "అయ్యా? అవి చాన్నాళ్ళ నుంచీ ఉన్నయి. కాల్పించుకోరా బాగోలేదని మేమే అనేవాళ్ళం" అంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి కనురెప్పల మీద కొలెస్ట్రాల్ పేరుకుని కనిపిస్తుంటే ఇంటిల్లిపాదీ అది అందం సమస్య అనుకున్నారు. తర్వాతి వారం పాప తల్లి వచ్చినప్పుడు మరో సంగతి చెప్పింది. ఆయనకి బూట్లు పట్టేవి కావంట, మడమ వెనక నరం బొటనవేలంత లావుగా, రాయిలాగా ఉండేదని, ఎప్పుడూ చెప్పులే వేసుకునేవాడని. ఆ నరం అనేది నిజానికి స్నాయువు, అందులో కొలెస్ట్రాల్ గడ్డకట్టి అలా తయారవుతుంది. ఈ ఒక్క గుర్తు చాలు, దాదాపు జబ్బు పేరు చెప్పేయొచ్చు. ఆమె ఇంకో కాగితం కూడా తెచ్చింది, పోవడానికి నాలుగేళ్ళ ముందు ఎక్కడో చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు, మొత్తం కొలెస్ట్రాల్ 340. దాని మీద పెన్నుతో "నూనె తగ్గించండి" అని రాసి పంపేశారు. ఎవరు రాశారో నేనడగలేదు, అడిగితే ఏం లాభం. మళ్ళీ పరీక్ష చేయమన్నవాళ్ళు లేరు, పిల్లల సంగతి అడిగినవాళ్ళు లేరు.

పాపకి మొదటి రోజు పొద్దున ఇడ్లీ తిన్నాకే రక్తం తీయించాను, పరగడుపున మళ్ళీ రమ్మంటే రారేమోనని. మొత్తం కొలెస్ట్రాల్ 312, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 46, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 90, ఎల్‌డీఎల్ (నాళాల్లో పేరుకునే చెడ్డ కొలెస్ట్రాల్) 248. పిల్లల్లో ఎల్‌డీఎల్ 110 లోపు ఉండాలి, 130 దాటితే ఎక్కువ. మూడు వారాల తర్వాత పరగడుపున మళ్ళీ చేస్తే 242. థైరాయిడ్ తక్కువైనా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కాలేయం జబ్బులున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా కొలెస్ట్రాల్ పెరగొచ్చు గనక అవన్నీ చూశాను, ఏవీ లేవు. పాప కళ్ళూ, మోచేతులూ, మడమలూ వేలితో తడిమి చూశాను, గడ్డలేమీ లేవు. ఈ వయసులో సాధారణంగా ఉండవు కూడా, అందుకే చూడగానే తెలిసే జబ్బు కాదిది. అదనంగా లైపోప్రొటీన్-ఎ అనే ఇంకో వంశపారంపర్య కొవ్వు కూడా 68 ఉంది, 50 దాటితే ప్రమాదం కిందే చూస్తాం.

హఠాత్తుగా పోయినవాళ్ళంతా కొలెస్ట్రాల్‌తోనే పోరు. ఊళ్ళో ప్రతి ఆకస్మిక మరణాన్నీ "హార్ట్ ఎటాక్" అనేస్తారు. గుండె కండరం దళసరెక్కే జబ్బులుంటాయి, గుండె విద్యుత్తు లయ తప్పే జబ్బులుంటాయి, అవీ ఇళ్ళల్లో దిగి వచ్చేవే. పాప తండ్రి విషయంలో నలభై నిమిషాలు ఛాతీ నొప్పి, చెమటలు, ఆస్పత్రిలో తీసిన ఈసీజీ కాగితంలో గుండెపోటు స్పష్టంగా ఉంది. అయినా పిల్లకి ఒక ఈసీజీ, ఒక ఎకో చేయించాను. రెండూ బాగున్నాయి.

జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం సగం అవకాశం, బొమ్మా బొరుసూ వేసినట్టే. ప్రపంచం మొత్తం మీద దాదాపు 300 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే అరుదైనదేమీ కాదు, ఒక పెద్ద స్కూల్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. జన్యు పరీక్ష చేయించలేదు. వీళ్ళకి ఆ ఖర్చు భారం, పైగా తండ్రి చరిత్ర ఇలా ఉండి ఎల్‌డీఎల్ రెండుసార్లూ 160 పైన ఉంటే పేరు పెట్టడానికి అది తప్పనిసరేం కాదు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది పాప తల్లి విషయం. ఆమె ఈ నాయనమ్మకి కోడలే కాదు, సొంత తమ్ముడి కూతురు కూడా. మేనరికం. రెండు వైపుల నుంచీ ఇదే జన్యువు వచ్చిన పిల్లలకి ఎల్‌డీఎల్ 400, 500 దాటిపోతుంది, పదేళ్ళ లోపే చర్మం మీద గడ్డలు వస్తాయి, టీనేజీలోనే గుండెపోటు రావచ్చు. అందుకే మేనరికాలు చేసుకునే మన ఇళ్ళల్లో ఇద్దరు తల్లిదండ్రులనీ చూడకుండా ఊరుకోకూడదు. "మీదీ మేనరికమేనా మామ్మగారూ" అనడిగితే, "కాదమ్మా, మాది బయటి సంబంధం" అంది. అంటే తాతగారి రక్తం కోడలి వైపుకి పోలేదు. ఆమెకి ఎల్‌డీఎల్ 118. పాప తమ్ముడు ఐదేళ్ళవాడికి 92. ఊపిరి పీల్చుకున్నాం.

ఇక బాబు రిపోర్టు. మొత్తం కొలెస్ట్రాల్ 199, ఎల్‌డీఎల్ 124. ల్యాబువాళ్ళు అచ్చేసేది పెద్దవాళ్ళ కొలతలు, 200 లోపుంటే నార్మల్ అని, కాబట్టి ఆ గడి పక్కన ఏ గుర్తూ లేదు, వాళ్ళ నాన్న ఫోన్లో చూసుకుని "నార్మలే కదా మేడమ్" అన్నాడు. పిల్లలకి 170 లోపు ఉండాలి, 200 దాకా వచ్చిందంటే అంచు మీద ఉన్నట్టు. ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 33, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 5.9, కాలేయం ఎంజైము 58, స్కానింగులో ఫ్యాటీ లివర్. వీడిది తాతగారి జన్యువు కాదు. కార్పొరేట్ స్కూలు హాస్టల్లో పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, గ్రౌండ్ లేదు, ఆదివారం వాళ్ళ నాన్న వస్తూ పఫ్‌లూ రెండు లీటర్ల కూల్‌డ్రింకూ తెస్తాడు, ప్రేమ కొద్దీ. ఇదీ ఒక రకం వంశపారంపర్యమే అనుకోండి, ఇంటి అలవాటు. ఒకే తాత మనవలు, ఇద్దరికీ గుండెకి ముప్పే, దారులు వేరు. మందు ఎవరికి, ఆట ఎవరికి అన్నది అక్కడే తేలుతుంది.

మరి బాబుకి జన్యువు రాలేదు సరే, వాళ్ళ నాన్నకి? ఆయనకి నలభై ఒకటి, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. పోయినవాడికి సొంత అన్న, పాపకి పెదనాన్న. ఆయన్ని పరీక్షకి ఒప్పించడానికి నాలుగు ఫోన్లు పట్టింది, "నాకేం లేదు మేడమ్, ముందు పిల్లల్ని చూడండి" అని ఒకటే మాట. ఐదోసారి పాపతోనే మాట్లాడించాను, కాస్త మోసమే, ఒప్పుకుంటాను. ఎల్‌డీఎల్ 212. కదిపి అడిగితే, ఈ మధ్య గవర్నరుపేటలో మూడో అంతస్తు ఎక్కుతుంటే దవడ లాగుతోందని అప్పుడు బయటపెట్టాడు. గుండె డాక్టరుకి పంపితే యాంజియోగ్రామ్‌లో ఎడమవైపు ముఖ్యమైన నాళంలో ఎనభై శాతం బ్లాకు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే స్టెంట్ వేశారు. పిల్లని పట్టుకుంటే పెద్దాయన దొరికాడు, మా భాషలో దీన్ని తిరగేసిన క్యాస్కేడ్ స్క్రీనింగ్ అంటారు.

పాపకి మందు విషయానికొద్దాం. ముందు మూడు నెలలు తిండి మార్చాం. అసలే తక్కువ తినే పిల్ల, అందుకని ఏదీ పూర్తిగా మాన్పించలేదు, మీగడ పెరుగు బదులు మీగడ తీసిన పాల పెరుగు, ఆదివారం మటన్ బదులు చేప, బజ్జీల బండి దగ్గరికి వెళ్ళడం నెలకోసారి, కందిపప్పూ ఆకుకూరలూ రోజూ. ఎల్‌డీఎల్ 242 నుంచి 226కి వచ్చింది. అంతే వస్తుంది. కాలేయం కణాల మీద రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే కొక్కేల్లాంటివి ఉంటాయి, ఈ పిల్లకి వాటిలో సగం పుట్టుకతోనే పనిచేయవు. ఆ కొక్కేలని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ ఇచ్చారు. కొక్కేలు లేనప్పుడు పథ్యం ఎంత చేసినా ఒక హద్దు దాటి దిగదు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అనగానే తల్లి మొహం మారిపోయింది. "తొమ్మిదేళ్ళ పిల్లకి గుండె మాత్రా? జీవితాంతమా? ఆడపిల్ల మేడమ్, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పాలి?" నాయనమ్మ మాత్రం నోరు మెదపలేదు. మాటలతో చెప్తే లాభం లేదని మా క్లినిక్ గీజరుకి మార్చిన పాత కాయిల్ తెప్పించి చూపించాను. మా బోరు నీళ్ళ ఉప్పుకి దాని మీద అరంగుళం తెల్లటి పెచ్చు. "ఇది ఒక్కరోజులో పట్టిందా అమ్మా? కొన్న రోజు నుంచీ పడుతూనే ఉంది. మీ ఆయనకి ముప్పై ఏడేళ్ళు పట్టింది. పాపకి తొమ్మిదేళ్ళే పట్టింది, ఇంకా మెత్తగానే ఉంది." తర్వాత నెదర్లాండ్స్ పిల్లల సంగతి చెప్పాను. ఇదే జబ్బున్న 214 మంది పిల్లలకి చిన్నప్పుడే స్టాటిన్ మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ పాటు చూశారు, 2019లో అచ్చైంది. ముప్పై తొమ్మిదేళ్ళ వయసుకి వాళ్ళలో గుండె సమస్య వచ్చింది వందకి ఒకరికి, అదే జబ్బున్న వాళ్ళ తల్లిదండ్రుల్లో ఆ వయసుకి వందకి ఇరవై ఆరు మందికి. ఎదుగుదలలో, యుక్తవయసు రావడంలో తేడా ఏమీ కనపడలేదు. సంబంధాల గురించి నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. పెళ్ళయ్యాక బిడ్డ కావాలనుకున్నప్పుడు మాత్రం మందు ఆపాలి, డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఈ ఒక్కటీ ఆ పిల్లకి పదిహేనేళ్ళు వచ్చేసరికి స్వయంగా తెలిసుండాలి అన్నాను.

వారం రోజులు ఆలోచించుకుని వచ్చారు. కండరాల ఎంజైమూ కాలేయం ఎంజైమూ చూసి రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు రాత్రిపూట మొదలుపెట్టాను. ఖర్చు రోజుకో టీ లోపే. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 139. మధ్యలో ఒకసారి కాళ్ళు నొప్పులంటే పరుగెత్తుకొచ్చారు, చూస్తే ముందు రోజు స్కూల్లో స్పోర్ట్స్ డే, ఎంజైములు మామూలుగానే ఉన్నాయి. పదేళ్ళు నిండాక 10కి పెంచితే 121. ఈ వయసులో 130 లోపు ఉంటే మాకు చాలు. పరిగెత్తొద్దు, ఆడొద్దు అని ఇంట్లో కట్టడి చేయబోయారు, అది మాత్రం గట్టిగా ఆపాను.

బాబు కథ ఇంత సాఫీగా లేదు. డే స్కాలర్‌గా మార్చారు, సాయంత్రం గంట షటిల్, కూల్‌డ్రింకు ఇంట్లోకి రావడం బంద్, పచ్చడి అన్నం పూటకి ఒక్క ముద్ద. ఆరు నెలల్లో మూడు సెంటీమీటర్లు ఎదిగి, మూడు కిలోలు తగ్గాడు, బీపీ 124/76, ట్రైగ్లిజరైడ్లు 148. మెడ నలుపు సగం పోయింది, సున్నిపిండి లేకుండానే. పరీక్షలొచ్చాయి, షటిల్ ఆగింది, తర్వాత మామిడిపళ్ళ కాలం, మొన్న చూస్తే 72 కిలోలు. వాడికి నేను మందేం రాయలేదు, తిట్టనూ లేదు, వాళ్ళ నాన్న ఇప్పుడు డాక్టర్ చెప్పిన నడక కోసం పొద్దున్నే బెంజి సర్కిల్ వైపు వెళ్తున్నాడు కాబట్టి వీణ్ణీ తీసుకెళ్ళమన్నాను.

మొదటి రోజు గీసిన వంశవృక్షం కాగితం ఇంకా పాప ఫైల్లోనే ఉంది. తాతగారి చెల్లెలి పిల్లలు పొన్నూరు వైపు ముగ్గురున్నారు, వాళ్ళ పిల్లలు ఐదుగురు. నాయనమ్మే స్వయంగా వెళ్ళి చెప్పొచ్చింది. ఒక కూతురు వచ్చి తననీ తన కొడుకునీ చూపించుకుంది, ఇద్దరికీ బాగానే ఉంది. మిగతా ఇద్దరూ "మాకేం లేదత్తా, మేమంతా సన్నగానే ఉన్నాంగా" అన్నారంట.